వంచిన వేలు

మా ఊళ్ళో సమాధుల వైపు వేలు చాపం.
కణుపు దగ్గర మడిచి చూపిస్తాం,
పోయిన పెద్దలకు గుచ్చుకోకూడదు కదా.

ఆ ఐ-ఐ మాత్రం చాపుతుంది.
నడిమి వేలు, పుల్లలా ఎండిన వేలు.
ఎవరి వైపు చాపితే వాళ్ళింట పీనుగ లేస్తుందని
మననార ఏటి ఒడ్డున అందరికీ తెలుసు.
లవంగం చెట్టు మీద దొరికినదాన్ని
మహవేలు మామ కొట్టి చంపి
దారి చీలే చోట గడకు వేలాడగట్టాడు.
నాకప్పుడు ఏడేళ్ళు.
దాని చెవులు చూశాను:
తడి ఆకుల్లా పల్చన.

ఇప్పుడు రాత్రికి ఆరుగురిని అడవిలోకి తీసుకెళ్తాను.
ఎర్ర దీపం, రబ్బరు బూట్లు, జలగలకు ఉప్పు.
"మాట్లాడకండి" అంటాను. మాట్లాడతారు.
కొమ్మ చివర నిద్రపోతున్న ఊసరవెల్లి దగ్గరే
పది నిమిషాలు గడిచిపోతాయి.
తర్వాత, పైనుంచి,
టక్. టక్ టక్.
బెరడు లోపల పురుగు ఉందా అని
తలుపు తట్టి అడుగుతున్నట్టు.

ఫ్లూర్ అనే ఆవిడ చేయి చాపి "అదిగో!" అంది.
ఆమె వేలు పట్టుకుని మెల్లగా మడిచాను.
ఎందుకని అడగలేదు.
అడిగితే ఏం చెప్పేదాన్నో.

మొదటి జీతంతో బియ్యం కొన్నాను.
అది ఏ డబ్బో తెలిసి అమ్మమ్మ ముట్టలేదు.
మూడు రోజులు కర్రపెండలం ఉడకేసుకుని తింది.
నాలుగో రోజు పళ్ళెం దగ్గరికి లాక్కుని,
గోడకేసి చూస్తూ,
"దానికి పిల్లలున్నాయా?" అంది.