ఎడమకి

డెబ్బై నాలుగు మోడల్ అంబాసిడర్.
లోపల ఉన్నది దాని ఇంజను కాదని
సిలార్ బాయికీ నాకూ మాత్రమే తెలుసు.
క్లచ్ వదిలి తొక్కితే చాలు
ముక్కు ఎడమకి తిప్పుకుని
పాలబూతు కేసి పోతుంది,
బాకీ ఎగ్గొట్టినవాడు అక్కడ కనబడ్డట్టు.

స్టీరింగన్నారు. టైర్లన్నారు.
నాలుగు నెలలు, పదకొండు వేలు.

ఆదివారం. ఆటోనగర్లో షట్టర్లన్నీ దించి ఉన్నాయి.
గోడకి లారీ టైరు, టైరుకి బండి ఆనించి
"ఫస్టు గేరెయ్, క్లచ్ మెల్లగా వదులు" అన్నాడు.
తను నేలమీద పడుకున్నాడు, ఆయిలు మరకమీద చెంప పెట్టి,
ముందు చక్రం నించి వెనక చక్రానికి
మల్లెపూలు కట్టే దారం లాగి పట్టుకుని.

బండి నెట్టింది.
దారం వదులైంది, చిటికెన వేలంత.

కమాను కట్ట కంట్లో బుష్షు
నమిలి ఊసిన చెరుకుపిప్పి.
ఇన్నాళ్లూ ఇంజను ఎంత గట్టిగా అరిస్తే
ఇరుసు అంత పక్కకి చూసిందన్నమాట.

తెల్లారగట్ల నాలుగున్నర,
తాడిగడప వందడుగుల రోడ్డు.
కుక్కలు లేచి డివైడరెక్కాయి.
తొక్కాను.
వీపు సీట్లోకి దిగబడింది. చేతులకి పని లేదు.
ఊపిరి బిగబట్టింది నేనేనని
బ్రేకు కొట్టాక తెలిసింది.

సిలార్ బాయి టార్చి వేసుకుని
రెండు నల్లగీతల మధ్య నడుచుకుంటూ వచ్చాడు,
ఒక్కోదాన్నీ బొటనవేలితో రాసి చూస్తూ.
ఇరవై అడుగులు తిన్నగా.
ఆ తర్వాత వెంట్రుకవాసి
ఎడమకి.

మళ్లీ విప్పుదామా అన్నాను.
"ఉండనీ. పాతబండి గదా,
పాలబూతు ఇంకా గుర్తున్నట్టుంది."