జూచోక్

కుతయిసిలో, నదికి ఎడమగట్టున
చెక్క వరండాల పాత ఇల్లు.
నా చేతిలో పదిహేడు గడుల కాగితం.
ఎథెరి తలుపు తీసి ముందు నా బూట్లు చూసింది,
తర్వాత గుర్తింపు కార్డు,
ఆ తర్వాత "కరెంటు సంగతి సరే, ముందు కూర్చో" అంది.

కూర్చోలేదు.
కూర్చుంటే వైను వస్తుంది,
వైను వెంట చనిపోయినవాళ్ళ పేర్లన్నీ వస్తాయి,
మెగ్గరు సంచిలోనే నిద్రపోతుంది.

నేను ముక్కుతో మొదలుపెడతాను.
ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు.
మాడుతున్న బేకలైటుది చేపల కంపు.
చేప వండని రోజున ఇంట్లో ఆ వాసన వస్తే
గోడ ఏదో వండుతోందన్నమాట.

తర్వాత అరచేతి వెనకవైపు.
ప్లగ్గుల మీద ఆనించి చూస్తాను,
పిల్లల నుదుటి మీద చూసినట్టు.
ఫ్రిజ్ వెనకది వెచ్చగా ఉంది.
"ఎప్పట్నించి?"
"ఏమో. చలికాలం పిల్లి అక్కడే పడుకుంటుంది."
రాసుకున్నాను: పిల్లి.
కొట్టేసి మళ్ళీ రాశాను: వదులు కనెక్షను.

గోడల వెంట పింగాణీ గుబ్బల మీదుగా
జడల్లా అల్లిన గుడ్డ వైర్లు,
సున్నం మీద సున్నం తాగి బిర్రబిగుసుకున్నాయి.
వంచితే పొలుసులు రాలాయి.
స్నానాలగదిలో వాషింగ్ మెషీను. ఎర్తు లేదు.
"ముట్టుకుంటే కాస్త చిమచిమలాడుతుంది, అంతే."
ఆ "అంతే" మీద
ఈ ఊళ్ళో ఎన్నిళ్ళు నిలబడి ఉన్నాయో.

మెయిన్ ఆపి
ఐదువందల వోల్టులు పంపాను, తీగలోకి ఓ ప్రశ్నలా.
ముల్లు కాసేపు తటపటాయించి
సున్నా దగ్గర చతికిలబడింది.

నడవాలో, మీటరు కింద, ఫ్యూజు విప్పాను.
వెంట్రుకంత తీగ ఉండాల్సిన చోట
అగ్గిపుల్లంత లావు రాగి.
దీన్ని మేం జూచోక్ అంటాం. బుల్లి పురుగు.
తాను కరిగిపోయి ఇంటిని కాయాల్సినదాన్ని తీసేసి
కరగనిదాన్ని కూర్చోబెట్టడం,
కాపలా కుక్క మూతికి గుడ్డ కట్టినట్టు.

ఎవరమ్మా ఈ పని చేసిందని అడగబోయి
చుట్ల వైపు చూశాను.
మూడు చుట్లు. ఎడమకి. కొస లోపలికి మడిచి.
నాది ఎడమచేతి వాటం.

తొంభై నాలుగు శీతాకాలం.
రోజుకి రెండు గంటలే కరెంటు, ఏ రెండో ఎవరికీ తెలీదు.
రాగానే వీధి వీధంతా ఒక్కసారిగా
హీటర్లు, పొయ్యిలు, నీళ్ళ మోటార్లు,
ఫ్యూజులు టపటపా రాలిపోయేవి.
పద్దెనిమిదేళ్ళవాణ్ణి. జేబులో తీగచుట్ట, పట్టకారు.
పురుగుకో రొట్టె.
ఒక రాత్రి పదకొండు పెట్టాను.
తల్లులు నా నుదుటిమీద ముద్దుపెట్టుకునేవాళ్ళు.
ఇళ్ళ నంబర్లు రాసుకోలేదు.
రెండు మాత్రం తర్వాత తెలిశాయి,
ఫైరింజన్లు ఏ వీధికి తిరిగాయో విని.

"ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా పోలేదు ఆ ఫ్యూజు,"
ఎథెరి గర్వంగా అంటోంది.
"ఎవరో కుర్రాడు పెట్టాడు. బంగారు చేతులు."

పదిహేడు గడుల్లో దీనికి గడి లేదు.
ఎర్రచీటీ అంటించి మెయిన్‌కి సీలు వేశాను.
"రాత్రంతా చీకట్లో ఉంచుతావా నన్ను,
ఒతియా?" కార్డు మీద పేరు చదివింది కదా.
"ఉంచుతాను. రేపు మనుషుల్ని తెస్తాను, తీగలు తెస్తాను."
తిట్టింది. నన్నూ, నా ఆఫీసునీ, మా నాన్ననీ.
పాత బాకీ లెక్కపెట్టి తీరుస్తున్నట్టు
నిలబడి అన్నీ విన్నాను.
పిల్లి ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి
చల్లారుతున్న ప్లగ్గుని వాసన చూసి తిరిగొచ్చింది.

అప్పుడు కూర్చున్నాను.
మసక వెలుతుర్లో తడుముకుంటూ వైను పోసింది.
చనిపోయినవాళ్ళ కోసం గ్లాసెత్తి
ఆరు పేర్లు చెప్పింది, నెమ్మదిగా.
నా వంతొచ్చింది.
నాకు పేర్లు తెలీవు.
రెండు వీధుల పేర్లు చెప్పి తాగాను.