తలకిందుల చెట్టు

కంపైల్ చేసిన ప్రతిసారీ
రెండువందల పద్నాలుగు హెచ్చరికలు:
ఈ చెట్టుకు కాలం చెల్లింది,
ఈ చెట్టుకు కాలం చెల్లింది.
పక్కింటి కుక్క మొరుగులా అలవాటైపోయి
ఏళ్ల తరబడి వినడం మానేశాను.

లియెపాయా రేవులో ఓడల మరమ్మతు గోదాము.
వేరు పైన, కొమ్మలు కింద:
ఓడ, ఓడ కింద ఇంజను, ఇంజను కింద పంపు,
పంపు కింద ఇరవై రెండు సెంట్ల రబ్బరు వాషరు.
ప్రతి కొమ్మ పక్కనా గడిలో చిన్న కూడిక గుర్తు.
నాకంటే ముందెవరో నాటి
కోడ్ మధ్యలో ఒక మాట వదిలి వెళ్ళారు:
"ఇదెందుకు పనిచేస్తుందో తెలీదు. ముట్టుకోకండి."

ముట్టుకున్నాను.
మూడు వారాలు. జనవరి. నాలుగింటికే చీకటి.
పాత చెట్టు తన ఆకులన్నీ తానే మోసేది,
ఎవరూ చూడని ఏడువేల వరసల్నీ
మూలుగుతూ, ఒక్కొక్కటీ కొలుచుకుంటూ.
కొత్తదానికి అంత ప్రయాస లేదు.
దాని దగ్గరున్నవి ముప్పై వరసలే;
కిందికి జరుపుతుంటే
పైన తెర దాటినదే వేషం మార్చుకుని
కింద నుంచి మళ్లీ ప్రవేశిస్తుంది,
పదిమందితో కురుక్షేత్రం నడిపే
నాటక సమాజంలా.
ముచ్చటేసింది. ఒక రాత్రి ఊరికే
పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాను.

సోమవారం. మంచూ వానా కలిసి పడుతున్నాయి.
వాల్డెమార్స్ చేతి తొడుగులు విప్పి
కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"అన్నీ మూసేశావేం, జైగా?"

అతని పాత తెరలో ఒక కొమ్మ
ఎప్పుడూ తెరిచే ఉండేదట.
జింటారా. చేపల ఓడ.
తొమ్మిదేళ్ల కిందట తుక్కు కింద కోసేశారు.
నా గొంతు దానంతటదే మెత్తబడింది.
"అందులో పనిచేశారా మీరు?"
"లేదే! అది తెరిచుంటే
దాని అడుగు నుంచి పదకొండో వరస
నాకు రోజూ కావాల్సిన వాషరు.
చూడక్కర్లేదు. వేలికి తెలుసు."

ఆ సాయంత్రం నలభై లైన్లు రాశాను:
ఎవరు ఏ కొమ్మ తెరిచి పెట్టుకున్నారో
వెళ్ళేటప్పుడు గుర్తుపెట్టుకుని
మర్నాడు అలాగే తెరిచి ఉంచడానికి.
ఆ ముట్టుకోకండి కింద
ఏముండేదో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు కంపైల్ చేస్తే ఒక్క హెచ్చరికా లేదు.
కుక్కను ఎవరో తీసుకెళ్ళిపోయినట్టుంది.
గోడకు అవతల గోదాములో
కింది బాణం మీట చప్పుడు:
టక్, టక్, టక్.
లెక్కపెట్టాను. పది.
ఆగి,
ఇంకొకటి.