సోమశిల, ఒక పూట

కొల్లాపూర్ల దిగి ఆటో పట్టేసరికే
బ్యాగుల నీళ్లసీసా వేడెక్కింది.
లాంచీకి ఇంకా పదిమంది తక్కువట.
"నిండితెనే కదుల్తది" అన్నడు టికెట్లాయన
పల్లికాయ ఒలుస్తూ.

రెండు గంటలు చూసి
కూర్మయ్య పుట్టి ఎక్కిన.
మూడొందలు, బేరం లేదు.

కృష్ణ ఆకుపచ్చగ, చప్పుడు లేకుండ.
ఫోటోలు తీస్తనే ఉన్న,
కొండవి, కొంగవి, నా కాళ్లవి.

నడుమల తెడ్డు ఆపిండు.
"మెల్లగ... ఈడ మా దొడ్డి.
గా నురుగున్నకాడ పొయ్యి."

ఎంత లోతు, అనడిగిన.
అడిగినంక నోరు చేదైంది.

ఒడ్డున వేయించిన జెల్లచేప,
ఉల్లిగడ్డ, నిమ్మచెక్క.
చిల్లర చేతిల పెడుతూ అన్నడు:
"ఎండకాలం రా సారూ,
నీళ్లు గుంజినంక గడప తేల్తది.
అప్పుడు పుట్టెందుకు, నడిచే పోదం.
చాయ్ తాగి పోదువు."