తిరిగి దిగే సీటు

అగ్నిమాపక దళం హాల్లో మీటింగు.
గోడకి కాలం చెల్లిన హెల్మెట్లు, బల్ల మీద లిండెన్ పూల టీ,
బల్ల కింద ఎవరి బూట్లలోంచో కరిగి పారుతున్న
కరవాంకె కొండల మంచు.
ద్రాగో కళ్ళజోడు నుదుటి మీంచి దించి చదివాడు:
పదహారు నిండిన మన యువదళం పిల్లల్ని
విమానంలోంచి దూకనివ్వాలా, వద్దా.
నన్నొక్క మాట అడుగుదామని పిలిచారు.

నేను దూకను. మడతపెడతాను.
ఇరవై ఆరేళ్ళుగా లెస్త్సె ఎయిర్‌ఫీల్డు షెడ్డులో
పొడవాటి బల్ల మీద నైలాను గుడ్డని
గాలి చివరి బొట్టు దాకా పిండి,
పసిబిడ్డకి పక్క సర్దినట్టు సర్ది,
ఎర్ర దారంతో సీలు వేసి, కార్డు మీద సంతకం పెడతాను.
ఆ దారం తెగే రోజు రాకూడదనుకుంటాను.
తెగితే మాత్రం, నా మడతల అందం చూసుకోకుండా
ఒక్క విదిలింపులో విచ్చుకోవాలి.

మార్యెతా అంది: మావాడు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతాడు,
ఆకాశంలో ఏం గుర్తుపెట్టుకుంటాడు?
బీమా కాగితాలు తెచ్చినాయన చిన్న అక్షరాలని వేలితో కప్పి
చుక్కంత ప్రమాదమండీ, చుక్కంత, అన్నాడు.
ఇస్తోక్, వ్యాయామం మాష్టారు, బల్ల గుద్దాడు:
మనం వద్దంటే ఊరుకుంటారా?
మొన్న అర్ధరాత్రి సావా వంతెన మీంచి
నీళ్ళ లోతు చూడకుండా దూకింది ఎవరు?
పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
కుర్రాళ్ళు తలలు దించుకుని నవ్వుకున్నారు.

జోర్కా, నువ్వు చెప్పు. భద్రమేనా?

మాలో ఒక వాడుక ఉంది.
రెండో పారాషూట్ తెరుచుకుని ప్రాణాలతో దిగినవాడు
దాన్ని మడిచిన మనిషికి ఒక సీసా తెచ్చిస్తాడు.
నా అల్మారాలో మూడున్నాయి, ప్లమ్ సారా,
మూతలు తీయలేదు.
నాలుగోది రావాలి.
పదకొండేళ్ళయింది.

అది చెప్పలేదు వాళ్ళకి. గొంతులో వెలక్కాయ.
భద్రం అనే మాట నా బల్ల మీద మడతకి రాదు, అన్నాను.

అందరికన్నా ఎత్తుగా చెయ్యెత్తిన పిల్ల నేజా.
నేను చూసింది ఆ చెయ్యి కాదు, రెండోది.
అది ఒళ్ళో కోటు గుండీని మెలిపెట్టి మెలిపెట్టి
పోగు మీదికి తెచ్చింది.
జీను బిగిస్తూ ఎన్ని చూశానో అలాంటి చేతులు.
ఎత్తుకి భయపడి ఆగినవాళ్ళు కొందరే,
పక్కవాడి కళ్ళకి భయపడి దూకినవాళ్ళు పుట్టెడు.

అందుకని అన్నాను:
సరే, పంపండి. కానీ ముందు మీలో ఒక పెద్ద
పిల్లలందరూ గడ్డిలో నిలబడి చూస్తుండగా
జీను కట్టుకుని పైకెళ్ళి, తలుపు తెరిచాక,
ఇవాళ వద్దులే అని
అదే విమానంలో కూర్చుని కిందికి రావాలి.
అలా కూడా దిగొచ్చని
ఒక్కసారి కళ్ళారా చూడనివ్వండి.

హాలు గొల్లుమంది. నేజా నవ్వలేదు.
అదెంత పని, అన్నాడు ఇస్తోక్ రొమ్ము విరుచుకుని.

శనివారం గాలి అనుకూలించింది.
విమానం చుట్లు తిరిగి తిరిగి మబ్బు అంచుకి చేరింది.
పిల్లలు మెడలు వెనక్కి వాల్చి లెక్కపెడుతున్నారు.
తలుపు తెరిచినట్టున్నారు.
కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో
నేను అతన్ని ఎంత ప్రేమించానో.
తర్వాత ఒక చుక్క.
చుక్క నీలం గొడుగయింది.

ఏం చెయ్యను జోర్కా, అన్నాడు జీను విప్పుతూ,
కింద అంతమంది ఉన్నారు కదా.
అతని వయసు యాభై మూడు.

కుర్రాళ్ళు ఈలలేస్తూ అతని చుట్టూ మూగారు.
నేజా అటు వెళ్ళలేదు.
రన్‌వే చివర ఆగిన విమానాన్ని,
పైలట్ వెనక ఖాళీ సీటుని
చూస్తూ నిలబడింది.

ద్రాగో రిజిస్టరులో నా పేరు పక్క గడి
ఇంకా నింపలేదు.
షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని
ఇస్తోక్ గుడ్డలో మిగిలిన గాలిని
మెల్లగా, మూలలోంచి, బయటికి నొక్కుతున్నాను.