రసీదు నంబరు 417

పేరు ముందే రాసేశాను. తప్పు నాదే.
షేక్ నాగూర్‌బీ, పరుపులు కుట్టే పని,
ఆనందపేట, గుంటూరు.
కింద కార్బన్ కాగితం, దాని కింద
నీలంగా అదే పేరు, కొంచెం మసగ్గా.

డయాలసిస్ గది కోసం వేసిన లక్కీ డిప్.
వంద రూపాయల కూపన్లు, పన్నెండు వందలు.
బ్రాడీపేట మందుల షాపుల వాళ్లు,
మిర్చి యార్డు కమీషన్ కొట్ల గుమస్తాలు
కట్టలు కట్టలుగా కొన్నారు.
ఆమె ఒక్కటి కొంది.
వంద నోటు మడతలో దూది పోగు.

పాల డబ్బాలోంచి ఎవరి పిల్లో చీటీ తీసింది.
మొదటి బహుమతి ఫ్రిజ్జు, ఖరీదు ముప్పై ఆరు వేలు.
చప్పట్లు ఇంకా ఆగనే లేదు,
ఆమె మైకు దగ్గరికి పోకుండా
నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇక్కడే ఉంచండయ్యా.
మా ఆయన సూదిమందు
ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని తెచ్చేవోళ్లం.
ఐసు కరిగేలోపు పిలుస్తారో లేదోనని
మూడేళ్లు తలుపు వంకే చూశా."

పెన్ను తీశాను. తేదీ వేశాను. పేరు రాశాను.
మొత్తం అన్న గడి దగ్గర ఆగిపోయాను.

విజయవాడ గవర్నర్‌పేటలో మా ఆడిటరు
అన్నం మధ్యలో ఫోనెత్తాడు.
"తగిలిన బహుమతి ఆదాయం కిందే లెక్కండీ.
నూటికి ముప్పై. డబ్బు కాదు, వస్తువు కాబట్టి
ముందు ఆమె పన్ను కట్టాలి,
ఆ తర్వాతే మీరు చేతికివ్వాలి.
పదివేల ఎనిమిది వందలు.
తిరిగి మీకే ఇచ్చినా అంతే."
మజ్జిగ కలుపుతున్న చప్పుడు.
"పైగా వస్తువుగా ఇస్తే మినహాయింపు రసీదు రాదు."

ముప్పై ఒక్క ఏళ్లు కోపరేటివ్ బ్యాంకులో
కాదు, లేదు, రేపు రండి
అని చెప్పి రిటైరైన వాణ్ణి.
నాలుక తిరగలేదు.

"ఇచ్చేసేదానికి పన్నేందయ్యా?"
"మధ్యలో మీదైంది కదమ్మా."
"ఎంతసేపు?"

ఎంతసేపు?
చీటీ విప్పిన దగ్గర్నుంచి
ఆమె నా బల్ల దాకా నడిచే వరకు.
పదిహేను అడుగులు. అర నిమిషం.
అర నిమిషం పాటు ఆనందపేటలో
రెండు తలుపుల ఫ్రిజ్జున్న మనిషి.

చెయ్యి కడుక్కొచ్చి ఆడిటరే దారి చెప్పాడు.
"తీసుకోకముందే నాకొద్దని రాసిస్తే
అది ఆమెది కానే కాదు. పన్నుండదు.
రసీదూ ఉండదు.
నా అభిప్రాయమే సుమండీ,
రేపెవరైనా అడిగితే కాగితం మాత్రం ఉండాలి."

ఆమె కుర్చీ అంచున కూర్చుని ఆలోచించింది.
పన్ను గురించి కాదు.
"నా కాడున్న కాగితాలన్నీ
నేను తీసుకున్నట్టే ఉంటయ్యయ్యా.
రేషను, పింఛను, డ్వాక్రా లోను.
ఇచ్చినట్టు ఒక్కటుంటే బాగుండనుకున్నా."

తర్వాత సంతకం చేసింది,
బీకి దీర్ఘం మరిచిపోయి, మళ్లీ పెట్టి.

నాలుగు వందల పదిహేడు మీద
అడ్డంగా రెండు గీతలు గీశాను. రద్దు.
"ఎట్టాగూ పనికిరాదుగా, నాకియ్యండి" అంది.
ఇవ్వకూడదు.
రద్దయిన రసీదు అసలూ నకలూ
పిన్ను కొట్టి పుస్తకంలోనే ఉంచాలి.
ఈ మాట చెప్పడానికి మాత్రం
నాలుక బాగానే తిరిగింది.

ఏప్రిల్లో ఆడిటరు గారి కుర్రాడొచ్చాడు.
ఆకుపచ్చ పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ
పదిహేను, పదహారు,
అక్కడ ఆగి పైకే చదివాడు:
"షేక్ నాగూర్‌బీ. ఇదెందుకు రద్దయిందండీ?"
చెప్పాను. ఫ్లాస్కు నుంచి మొదలుపెట్టి.
అతని టీ మీద మీగడ కట్టింది.

మంచాల మీది పరుపులు కుంగిపోతే
ఇప్పటికీ ఆమెనే పిలుస్తాం.
దబ్బనం చీర కొంగుకి గుచ్చుకుని,
కూలి డబ్బు లెక్క చూసుకుని,
పోయే ముందు ఫ్రిజ్జు తలుపు తీస్తుంది.
లోపల దీపం వెలుగుతుంది.
మందు సీసాల వెనక్కి చెయ్యి పోనిచ్చి
అలాగే నిలబడుతుంది, కాసేపు.

నేను చిట్టా రాసుకుంటూ ఉంటాను.
ఎంతసేపన్నది చూడను.