న్యూట్రల్ దగ్గర కొంచెం ఆట

తెరచాప పడవకి ఇంజనెందుకని అడుగుతారు
టోపీలు సర్దుకుంటూ ఎక్కినవాళ్ళు.
గాలి డాల్ఫిన్ నోస్ దాకా తెచ్చి వదిలేస్తుంది.
అక్కణ్ణించి ఛానల్లో, ఖనిజం మోసే ఓడ పక్కనించి,
డ్రెడ్జరు తాళ్ళని తప్పించుకుంటూ
జెట్టీకి గీత పడకుండా చేర్చేది
గుప్పెట్లో పట్టే ఈ లీవరే.

ఆదివారం అది బిగిసింది.
వెనక్కి లాగితే ఇంజను వినిపించుకోలేదు.
పడవ వెళ్ళి జెట్టీకి వేలాడే పాత టైర్ని గుద్దింది.
ఎవరికీ ఏం కాలేదు. ఒక ఫ్లాస్కు పగిలింది.
"టీ సాగర్‌నగర్ దాకా పారిందిరా బాబూ" అని
తెడ్డు దానయ్య అందర్నీ నవ్వించి
కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటిపేరు తెడ్డు. పని డీజిలు ఇంజన్లతో.
"మా తాత సేతిలో ఉండీది, నాకు పేరులో మిగిలింది" అంటాడు.

ఇవాళ నేను ఇంజను పెట్టెలో.
మోకాళ్ళు గడ్డానికి ఆనించి, టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని.
డీజిలు, తడిగోనె,
ఎప్పుడో ఎవరో పారేసుకున్న ఉసిరికాయ వాసన.
దానయ్య పైన, లీవరు దగ్గర.
"ముందల ఇంజను కాడ కొస ఇప్పీ.
తప్పెవులిదో తేలాలి గదా."

స్ప్లిట్ పిన్ను పట్టుకోగానే పొడై రాలింది.
ఇంజను చేతిని వేలితో తోశాను.
తేలిగ్గా వచ్చింది, స్ప్రింగు మళ్ళీ వెనక్కి లాక్కుంది.
"దీని తప్పు కాదు!"
పైన కొస విప్పి లీవరొక్కదాన్నే ఊపి చూశాడు.
"దీందీ కాదు."
ఇక మిగిలింది
ఇద్దరి మధ్యా మాటలు మోసేది.

నూనె పోద్దామన్నాను.
"ఒద్దే గుంటా. పాత తీగలకి పోసీవోళ్ళం,
రాత్రల్లా ఏలాడదీసి, సుక్కా సుక్కా.
దీనికి లోపల ప్లాస్టిక్కు గొట్టం. బిగిసిందంటే మార్చీడమే.
నూనెడితే రెండ్రోజులు సక్కగుంటాది.
మూడోనాడు ఛానల్ మద్దిన సెప్పకుండా పోద్ది."

నాలుగు మీటర్లు బయటికి లాగాను.
బ్యాటరీ వెనక సందు చాలక
ఎవరో మరీ మెలేసి వంచారు. అక్కడ తొడుగు చిట్లింది.
ఆ వెంట్రుకవాసి లోంచి ఉప్పు దూరింది.
ఈ ఊళ్ళో ఉప్పుకి తాళంచెవి అక్కర్లేదు:
మా బాల్కనీ ఊచలు, ఫ్యాను రెక్కల అంచులు,
ఇప్పుడు మోగని మా అమ్మ సైకిలు బెల్లు.

హార్బరు గేటు దగ్గర కొట్లో కొత్త కేబుల్ కొన్నాం.
"వంపు పెద్దగుండాలి, బిందె నడుమంత" అన్నాడు.
కొత్త పిన్నులు. మరలకి గ్రీజు. నట్టు మీద నట్టు.

"ముందుకి" అన్నాడు.
ఇంజను చెయ్యి చివరిదాకా వెళ్ళి ఆగింది.
"ఎనక్కి."
ఆనింది.
"న్యూట్రల్."
ఆగలేదు. సన్నగా కదులుతోంది,
చీమ నడిచినంత.

క్లాంపు చూశాను, గట్టిగానే ఉంది.
నట్టులూ గట్టిగానే ఉన్నాయి.
తల పైకెత్తి చూశాను.
లీవరు మీద దానయ్య కుడిచెయ్యి,
దాని మీద ఎడమచెయ్యి, అదిమిపెట్టి.
ముఖం యారాడ కొండ వైపు.

గమ్మున మళ్ళీ కిందికి దిగి
బిగించిన నట్టునే బిగిస్తున్నట్టు
స్పానరు చప్పుడు చేశాను, చాలాసేపు.

"ఆటేటైనా ఉందా?"
"కొంచెం."
"ఎక్కడే?"
టార్చి ఇంకా నోట్లో ఉందన్నట్టు
ఏదో గొణిగాను.

లాగ్‌బుక్కులో రాశాను:
థ్రాటిల్ కేబుల్ మార్చాం. వంపు సరిచేశాం.
న్యూట్రల్ దగ్గర కొంచెం ఆట.
చివరి వాక్యం ఆయన రెండుసార్లు చదివాడు.
సంతకానికి పెన్నిస్తే
"నువ్వే ఎట్టీ" అన్నాడు.

సాయంత్రం తాడు విప్పడానికి
తనే ముందువైపుకి నడిచాడు,
రోజూ నేను నిలబడే చోటికి.
"ఇప్పీమంటావా?" అని అడిగాడు, నన్ను.

లీవరు గుండు మీద
ఆయన చెమట ఇంకా ఆరలేదు.